భద్రంగా దాచిన ఊపిరి

ఉదయం ఎనిమిదింటికి ఆరోగ్య కేంద్రం తాళం తీయగానే సిస్టరమ్మ చేసే మొదటి పని కిటికీలు తెరవడం కాదు, రిజిస్టరు బల్ల మీద పెట్టడం కాదు. మూల గదిలోని ఆక్సిజన్ యంత్రం మీద ముసుగు తీసి, మెత్తటి గుడ్డతో ఒళ్లంతా తుడిచి, మళ్లీ ముసుగు వేయడం. ఆ ముసుగు ఆమే కుట్టింది. అంచులకు నీలం దారంతో పువ్వులు కూడా వేసింది. యంత్రానికి పైన, గోడలో బిగించిన రాతి పలక మీద దాతల పేర్లు ఇరవై రెండు ఉన్నాయి. వాటినీ తుడుస్తుంది. పదిహేడో పేరు దగ్గర గుడ్డ ఇంకాస్త సేపు ఆగుతుంది. అది ఆమె తమ్ముడి పేరు.

ఆ రోజు ఆ తమ్ముడు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"చూశావా బాబూ, మీ అక్క సంబరం!" అంది వరండా ఊడుస్తున్న ఆయమ్మ. "మొగుడి చొక్కాకైనా ఇంత సేవ చేసుండదు..."

అనేసి నాలుక కరుచుకుంది. ఆ చొక్కాలు తొడుక్కున్న మనిషి పోయి అప్పటికి నలభై మూడు రోజులు.

బావ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్లు దుమ్ము మింగిన ఛాతీ చివరి నాలుగేళ్లుగా మొరాయిస్తూనే ఉంది. ఆయన పోయినప్పుడు తమ్ముడికి సెలవు దొరకలేదు. పరాయి దేశంలో ఒక పెద్ద ఆసుపత్రిలో అతను మెకానిక్. రోగులను ముట్టుకోడు, రోగులను బతికించే యంత్రాలను ముట్టుకుంటాడు. అవి ఆగితే వెళ్తాడు, ఆగకుండా ఉండడానికి ముందే వెళ్తాడు. కడసారి చూపుకు ఇవ్వని సెలవును ఆ ఆసుపత్రివాళ్లు ఇప్పుడు రెండు వారాలు చేసి ఇచ్చారు. ఆలస్యమైనందుకు వడ్డీ అనుకోవాలి కాబోలు.

"ఒక్క మాట చెప్పాలిరా నీకు," అంది అక్క, ముసుగు అంచు సరిచేస్తూ. "ఫోనులో చెప్పేది కాదని దాచుకున్నాను. మీ బావ కష్టపడకుండా పోయాడు. అదంతా నీ పుణ్యమే."

"నేనేం చేశానక్కా?"

"ఇదిగో, ఇది పంపలేదూ? ఆ రోజు మధ్యాహ్నం ఆయాసం బాగా ఎక్కువైంది. పెద్దాసుపత్రికి అంబులెన్సులో గంటన్నర. ఆ రోడ్డు సంగతి తెలుసుగా. ఆయనేమో, 'ఇన్నేళ్లు జనాన్ని కుదిపాను, ఆ పాపం ఇవాళే తీర్చుకోమంటావా? నీ దగ్గర మెషిన్ ఉందిగా, అదే పెట్టు' అన్నాడు. నాకూ అదే ధైర్యం. పెట్టాను. ఎంత బాగా నడిచిందనుకున్నావ్! మూడు గంటలు చిన్న శబ్దం తేడా లేదు. నా చెయ్యి పట్టుకుని అలాగే..." ముసుగు అంచు మళ్లీ సరిచేసింది. "అంత కొత్తగా ఉంచాను కాబట్టే నడిచింది. పద్నాలుగు నెలల్లో వాడడం అదే మొదటిసారి."

తమ్ముడు ముసుగు వైపు చూశాడు. "మొదటిసారా?"

"మరి? స్టాకు రిజిస్టరులో నా సంతకం ఉంది. పాడైతే బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఎవరికైనా అవసరమైతే అంబులెన్సు ఎక్కించి పంపేదాన్ని. ఇంత ఖరీదైనదాన్ని చీటికీ మాటికీ వాడి పాడుచేస్తామా?"

చదివేవారు ఆమెను చూసి నవ్వకండి. మంచి కప్పులు అద్దాల బీరువాలో పెట్టి, చెవి విరిగిన కప్పులో టీ తాగని ఇల్లు మనలో ఎంతమందిది? ఎవరో అపురూపంగా ఇచ్చిన దాన్ని వాడకుండా ఉండడమే గౌరవమని మనకు చిన్నప్పటి నుంచి ఎక్కించారు. కప్పులకు ఆ గౌరవం సరిపోతుంది. ఈ యంత్రానికి సరిపోదు.

ఆ సంగతి ఆ గదిలో ఒక్కడికే తెలుసు.

అక్క పక్క గదిలో కట్లు కట్టే పనిలో పడగానే అతను సంచిలోంచి, గాలిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే చిన్న మీటరు తీశాడు. ఉద్యోగంలో రోజూ వాడేదే. యంత్రం ప్లగ్గు పెట్టి, ఇరవై నిమిషాలు నడిపి, గొట్టం చివర మీటరు ఆనించాడు. నూటికి తొంభై దాటాలి. ఇరవై మూడు దగ్గర ఆగింది. మనమంతా ఊరికే పీల్చే గాలిలోనే ఇరవై ఒకటి ఉంటుంది. మీటరు దులిపి మళ్లీ పెట్టాడు. ఇరవై మూడే.

యంత్రం మాత్రం చక్కగా, బుద్ధిమంతుడిలా గుర్రుగుర్రుమంటోంది. దీపం వెలుగుతోంది.

కారణం వెతకనక్కర్లేదు. దాని కడుపులో తెల్లటి పూసల్లాంటి పదార్థం ఉంటుంది. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరు చేసేది అదే. నెలలో కొన్ని గంటలైనా నడపకుండా ఊరికే ఉంచితే, వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పులా చెమ్మ పీల్చి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. యంత్రం నడుస్తుంది, గాలి వస్తుంది. వట్టి గాలి.

ఈ యంత్రాలు కొనే ముందు, అక్కడి తెలుగువాళ్ల సంఘం పెట్టిన సమావేశం గుర్తొచ్చింది. ఎంత శాతం వస్తోందో చూపే చిన్న తెర ఉన్న యంత్రాలైతే నాలుగు, తెర లేనివైతే ఆరు వస్తాయని లెక్క తేలింది. ఫోటోలో ఆరు నిండుగా ఉంటాయన్నారు అధ్యక్షులవారు. "తెర ఉంటే మంచిదండీ" అని ఇతనూ ఒకసారి అన్నాడు, తనకు మాత్రమే వినపడేంత గట్టిగా. ఈలోగా భోజనాలకు లేవమన్నారు. రాతి పలక మీద పేర్లు ఏ వరుసలో ఉండాలో తేల్చడానికి ఇంకో రెండు సమావేశాలు పట్టాయి. యంత్రాన్ని ఎలా చూసుకోవాలో ఒక అర పేజీ రాసి పంపాలని ఏ సమావేశంలోనూ ఎవరికీ తట్టలేదు. తట్టాల్సినవాడు అందులో ఒక్కడే.

"ఏమంటోంది నీ బిడ్డ?" అక్క తొంగిచూసింది.

"బాగానే ఉందక్కా," అన్నాడు.

ఆ అబద్ధం వెనుక అతని ఆలోచన మరీ చెడ్డది కాదు. అక్కకు మిగిలిందల్లా ఆ మూడు గంటల తృప్తి. దాన్ని పడగొట్టడం ఎందుకు? వెళ్లే ముందు ఒక తీగ ఊడదీసి, కాలిపోయిందని చెబితే సరి. యంత్రం మూలన పడుతుంది, అక్క నిద్ర మిగులుతుంది.

ఆ ఉపాయం గంటసేపు కూడా నిలవలేదు. కూరగాయలమ్మే ఆవిడను ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. పెదవులు నల్లబడ్డాయి, మాట రావడం లేదు. సిస్టరమ్మ ఒక్క చూపు చూసి మూల గదికి పరుగెత్తింది. ముసుగు లాగి కుర్చీ మీద పడేసి యంత్రాన్ని చక్రాల మీద తోసుకొచ్చింది.

"ఇదివరకటిలా భయపడను. మీ బావకు పెట్టాక ధైర్యం వచ్చింది. ప్లగ్గు పెట్టరా."

తమ్ముడు కదల్లేదు.

"వినపడిందా? ప్లగ్గు!"

"అక్కా, అది వద్దు. అంబులెన్సు పిలువు. సిలిండరుతో రమ్మను."

"చేతిలో మెషిన్ పెట్టుకుని?"

"దాంట్లో ఏం రావడం లేదక్కా. వట్టి గాలి."

ఆమె చేయి గొట్టం మీదే ఉండిపోయింది. ఒక్క క్షణమే. తరువాత ఆమెలోని నర్సు అక్కను పక్కకు నెట్టేసింది. ఫోను చేసింది, ఆవిడను ముందుకు వంచి కూర్చోబెట్టింది, ఊపిరితిత్తులు తెరుచుకునే మందు పట్టించింది. పక్క ఊళ్లో ఉండే అంబులెన్సు పావుగంటలో వచ్చింది. వాళ్లు సిలిండరు పెట్టగానే ఆవిడ పెదవులకు కొంచెం కొంచెంగా రంగు తిరిగింది. ఆ రంగును అక్కాతమ్ముళ్లిద్దరూ చూశారు. ఒకరినొకరు చూసుకోలేదు.

బండి కదిలిపోయాక సిస్టరమ్మ వరండా బల్ల మీద కూర్చుంది.

"మరి మీ బావకు?"

అతను తల వంచుకున్నాడు.

"వట్టి గాలేనా?"

"ఊఁ."

"సిలిండరు పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లుంటే?"

"తెలీదక్కా. బావ ఛాతీ అప్పటికే..."

"తెలీదో, చెప్పవో?"

దూరంగా ఆయమ్మ చీపురు ఆగిపోయింది.

"ఎందుకు పాడైంది? నేను రోజూ తుడిచాను కదరా?"

"నడపాలక్కా. నెలకోసారైనా కొన్ని గంటలు నడపాలి. ఊరికే ఉంచితే పాడైపోతుంది."

"అది నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పదకొండేళ్ల నుంచి. అక్కడ కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేను మొదటి రోజు చెప్పేది అదే."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే అతనికి తేలికయ్యేది.

"ముసుగు కుట్టిన రోజు ఫోటో పంపాను నీకు. 'చూడరా, తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే దాచాను' అని రాశాను. నువ్వు బొటనవేలు బొమ్మ పంపావు. నాకు ఎంత సంతోషమైందో! సరిగ్గా చేస్తున్నానని."

పరాయి వాళ్లకు పదకొండేళ్లు వంద నోళ్లతో చెప్పినవాడు సొంత అక్కకు ఒక వాక్యం రాయలేదు. ఆ సంగతి ఆమె అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

మరునాటి నుంచి తమ్ముడు చుట్టుపక్కల కేంద్రాలకు తిరిగాడు. మిగిలిన అయిదు యంత్రాలూ వెతికాడు. రెండు అట్టపెట్టెల్లోంచి బయటకే రాలేదు. ఒకదాని మీద పూలసజ్జ. ఇంకొకటి డాక్టరుగారి గదిలో, ఎవరూ ముట్టుకోకూడదన్న కాగితంతో. అయిదోదొక్కటే తొంభై నాలుగు చూపించింది. అక్కడి కాంపౌండరు ఒట్టి నిర్లక్ష్యపు మనిషని పేరు. "ఆ చప్పుడుంటే రోగులు నిద్రపోతారండీ, నన్ను విసిగించరు," అని రోజూ రెండు గంటలు ఎవరికో ఒకరికి పెడుతున్నాడట. ఆరింటిలో బతికి బట్టకట్టింది అదొక్కటే.

ప్రతి చోటా కూర్చుని నేర్పాడు. ఎప్పుడు నడపాలి, దుమ్ము ఆపే జల్లెడ ఎలా కడగాలి, మీటరు ఎలా చూడాలి, ఏ లెక్క కంటే తగ్గితే నమ్మకూడదు. మన భాషలో అర పేజీ రాసి గోడలకు అంటించాడు. అక్క దగ్గర ఆ కాగితాన్ని రాతి పలక మీదే, సరిగ్గా పేర్ల మీద అంటించాడు. తన మీటరు ఆమె చేతిలో పెట్టాడు. నేర్చుకున్నంతసేపూ ఆమె శ్రద్ధగా విన్నది, ప్రశ్నలు అడిగింది, కాగితం మీద రాసుకుంది. ఒక్కసారి కూడా నవ్వలేదు. అన్నం వడ్డించింది కానీ, చిన్నప్పటిలా పక్కన కూర్చుని ఇంకాస్త పెట్టుకోమనలేదు.

ప్రయాణానికి ముందు రోజు సంఘం అధ్యక్షులవారు ఫోను చేశారు. సంగతంతా తమ్ముడి ద్వారా విని బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. చెడ్డ మనిషి కాదాయన.

"అమ్మా, మీకు తీరని అన్యాయం జరిగింది. మేమంతా ఒక నిర్ణయానికి వచ్చాం. మీ వారి పేరు మీద ఇంకో పది యంత్రాలు పంపుతాం. ఈసారి తెర ఉన్నవి. పలక మీద మొదటి పేరు ఆయనదే."

సిస్టరమ్మ ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది.

"వద్దండీ. ఆయన పేరు రేషన్ కార్డు మీద ఉంది, చాలు. మీరంతా పుట్టిన గడ్డకు ఏదో చేయాలని అక్కడ కడుపు కట్టుకుని కూడబెట్టారు. దానికి నా దణ్ణం. కానీ మీలో నర్సులున్నారు, మెకానిక్కులున్నారు, నీళ్లు శుభ్రం చేసేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు ఉన్నారు. ఆ దేశం మిమ్మల్ని డబ్బున్నవాళ్లని తీసుకోలేదు కదా, పని తెలిసినవాళ్లని తీసుకుంది. మాకు మాత్రం ఆ పని తప్ప అన్నీ పంపిస్తున్నారు. రిబ్బను కత్తిరించిన రోజు వస్తారు, మరునాడు ఎలా ఉన్నామని అడిగేవాళ్లు లేరు. ఏమన్నా పంపే ముందు ఇక్కడ వాడే మనిషిని అడగండి. పంపాక నెలకోసారి ఒక గంట ఫోనులో కూర్చుని నేర్పండి. మాకు తెలివి లేక కాదు, చెప్పేవాళ్లు లేక నేను నా మనిషిని పోగొట్టుకున్నాను."

ఆయన ఈసారి ఉపన్యాసపు గొంతు లేకుండా అడిగారు: "అయితే ఇప్పుడు ఏం పంపమంటారమ్మా?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. భర్త పోయినప్పటి నుంచి రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. మాట మాత్రం తడబడలేదు.

"ముందు మీకు తెలిసింది పంపండి. మీరు కొన్నది ఆ తరువాత."