దాహం తీరని పెట్టె

మధ్యాహ్నం పూట భర్త గురక ఒక తీరుకి వచ్చేవరకూ ఆవిడ మంచం కాళ్ళ దగ్గరే కూర్చుంది. ఆ తర్వాత లేచి, అడుగుల చప్పుడు కాకుండా ముందుగదిలోకి వచ్చి, బల్ల మీదున్న చెక్కపెట్టె మూత పూర్తిగా ఎత్తి, ఫ్యాను వేగం పెంచింది.

పెట్టెలోంచి తడిచెక్క వాసన గుప్పుమంది. లోపల ఒక మూల చిన్న గాజుగిన్నెలో నీళ్ళు. మూతకి లోపలివైపు బిగించిన గుండ్రటి ఇత్తడి బిళ్ళలో సన్నటి సూది అరవై ఎనిమిది అంకె మీద ఉంది. ఆవిడ చూస్తుండగానే అది వెనక్కి జారడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు. ఆవిడ పడకగది వైపు చూసింది. గురక ఆగలేదు. సూది అరవై దిగాక మూత మూసి, ఫ్యాను తగ్గించి, కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది.

పోలీసులు పట్టుకునే నేరం కాదది. కానీ భర్త సూది మాస్టారు పట్టుకుంటే ఏమవుతుందో తలుచుకోవడానికే ఆవిడకి ధైర్యం చాలదు.

సూది మాస్టారు అన్న పేరు ఆయనకి సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడి బాయిలర్ ఆయన చేతిలోనే ఉంది. ఆవిరి ఒత్తిడి చూపించే సూది కాస్త వణికితే చాలు, తింటున్న అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడు. ఇంట్లో కుక్కర్ విజిల్ విని కూడా, "రబ్బరు మార్చాలే దీనికి" అని తీర్పు చెప్పేవాడు. ఏటా బాయిలర్ తనిఖీ సజావుగా ముగిసిన రోజున యజమాని తన గదికి పిలిచి, ఒక చెక్కపెట్టె తెరిచి, సిగార్ ఒకటి చేతిలో పెట్టేవాడు. ఇంటికొచ్చి మాస్టారు ఆ సిగార్ రుచి గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. పెట్టె గురించే చెప్పేవాడు.

"దానికీ సూది ఉందే. లోపలి తేమ చూపిస్తుంది. ఫ్యాక్టరీ మొత్తం మీద నా చేతికి రాని సూది అదొక్కటే."

రిటైరయ్యాడు. ఆ వెంటనే గుండెకి ఆపరేషన్ జరిగింది. డాక్టరు ఆవిణ్ణి పక్కకి పిలిచి, "పొగ అన్న మాట ఇంట్లో వినపడకూడదమ్మా. ఒక్కసారే కదా అంటారు, ఆ ఒక్కసారితోనే నా దగ్గరికి తిరిగొచ్చినవాళ్ళున్నారు. రాలేకపోయినవాళ్ళూ ఉన్నారు" అన్నాడు.

పొగ సంగతి తర్వాత. మాస్టారు అన్నమే మానేశాడు. మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంటే పొద్దుగూకినా అదే పక్క. మందులిస్తే మింగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. రోజూ నడవాలన్నారండీ అని ఆవిడంటే, "ఎక్కడికి?" అనేవాడు.

అలాంటి రోజుల్లో, పాత స్నేహితుడు వెల్డర్ ఒక బరువైన పొట్లం చంకన పెట్టుకుని వచ్చాడు.

"మావాళ్ళంతా కలిసి కొన్నది మాస్టారూ. మీ రిటైర్మెంటుకే తేవాల్సింది. ఆస్పత్రికి తెద్దామంటే మీ ఆవిడ నన్ను కూడా ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుందని భయపడ్డా."

పొట్లం విప్పితే పెట్టె. యజమాని పెట్టెకి తమ్ముడిలా ఉంది. పక్కనే గట్టిగా మూసిన కవర్లో ఐదు సిగార్లు. వెల్డర్ వైపు ఆవిడ చూసిన చూపుకి అతను కాఫీ తాగకుండానే లేచిపోయాడు. కానీ ఆవిడ తిరిగి చూసేసరికి మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, తనంతట తానుగా.

"సిగార్లు అప్పుడే పెట్టకూడదే ఇందులో" అన్నాడు, చెక్క మీద వేలు రాస్తూ. నెలల తర్వాత ఆయన నోట వచ్చిన పెద్ద మాట అదే. "కొత్త చెక్క. ఎండిపోయి ఉంది. దీని దాహం తీరకుండా వాటిని లోపల పెడితే, వాటిలో ఉన్న తేమంతా ఇదే తాగేస్తుంది. ముందు దీనికి పట్టించాలి."

"ఏం పట్టించాలి?"

"నీళ్ళు. కుళాయి నీళ్ళు కాదు. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, తెప్పించు. శుభ్రమైన గుడ్డ, ఒక చిన్న గిన్నె కావాలి."

గుడ్డ తడిపి, తడి ఉందో లేదో అన్నంత గట్టిగా పిండి, లోపలి చెక్కని అద్దం తుడిచినట్టు తుడిచాడు. ఎక్కువ తడిపితే మూత వంకర పోతుందట. గిన్నెలో నీళ్ళు పోసి లోపల పెట్టి మూత మూశాడు.

"ఇక తొందరపడకూడదు. గిన్నెలో నీళ్ళు గాల్లోకి, గాల్లోంచి చెక్కలోకి వెళ్ళాలి. పైపైన తడిసి సూది ఒకసారి ఎగురుతుంది, దాన్ని నమ్మకూడదు. చెక్క లోపలిదాకా తాగాక, సూది డెబ్బై దగ్గరికొచ్చి కదలకుండా నిలబడుతుంది. నిలబడిన రోజున ఒక్కటి కాలుస్తా. ఒక్కటే. ఆ తర్వాత నువ్వేం చెప్తే అది."

ఆవిడ తడిగుడ్డ తీసుకెళ్ళి దండెం మీద ఆరేసింది.

వద్దు అన్న మాట ఆయనతో అనడం ఆవిడకి కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలవాటు లేదు. అనకుండానే పని జరిపించుకోవడం అలవాటు. ఆయనకి నచ్చి తనకి నచ్చని చొక్కా గుడ్డ తెస్తే, కొలత చాలలేదని చెప్పి దిండు గలీబు కుట్టేసేది. ఆయన దోస్తులు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటే, గోడ గడియారాన్ని అరగంట ముందుకి జరిపేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పట్టుబడలేదు. ఇప్పుడూ అదే దారి పట్టింది. సూది డెబ్బైకి రాకపోతే ఆ రోజే రాదు. రోజూ మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు మూత ఎత్తితే చాలు.

విచిత్రం ఏమిటంటే, ఆ దొంగతనం ఆయనకి మందులా పనిచేసింది.

సూది అరవై దాటి నిలవకపోయేసరికి మాస్టారులోని పాత బాయిలర్ మనిషి నిద్ర లేచాడు. "ఆవిరి ఎక్కడికో పోతోంది" అన్నాడు. ముందు సూదినే అనుమానించాడు. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళతో ముద్ద చేసి, దాన్నీ ఇత్తడి బిళ్ళనీ ఒకే కవర్లో పెట్టి గాలి చొరకుండా మూశాడు. తడి ఉప్పు పక్కన ఉంటే సూది డెబ్బై అయిదు చూపించాలట. మర్నాడు తీసి చూస్తే సరిగ్గా అంతే చూపించింది. తర్వాత మూతని అనుమానించాడు. కిటికీ తెరలు వేయించి, సెల్‌ఫోన్ లైటు వెలిగించి పెట్టెలో పెట్టి మూసి, బల్ల చుట్టూ వంగి వంగి తిరిగాడు. అంచుల్లోంచి వెలుతురు గీత ఒక్కటి కూడా బయటికి రాలేదు. చివరికి నీళ్ళని అనుమానించి, మందుల షాపుకి తనే నడుచుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చి రెండోసారి అన్నం వడ్డించమన్నాడు.

ఆవిడ వడ్డిస్తూ ఆయన కంచం వైపే చూసింది, మొహం వైపు చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆడపడుచు పట్టేసింది. జాకెట్టు చేతులు వదులు చేయించుకుందామని చెప్పాపెట్టకుండా వచ్చింది. తెరిచిన పెట్టెనీ, జోరుగా తిరుగుతున్న ఫ్యానునీ, వదిన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏంటొదినా ఇది? మా అన్నయ్య తేమ నిలవట్లేదని నిన్న నాకు ఫోన్‌లో గంటసేపు పాఠం చెప్పాడు. నువ్వేమో ఇక్కడ ఆరబెడుతున్నావా?"

"గట్టిగా మాట్లాడకు. లేస్తారు."

"లేవనీ. నువ్వు చేసే పని చూడనీ."

"చూస్తే సిగార్ కాలుస్తారు. డాక్టర్ ఏం చెప్పాడో నీకూ తెలుసు."

ఆడపడుచు కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాల్చొద్దని చెప్పలేవా?"

"చెప్తే వింటారా?"

"చెప్పి చూశావా ఎప్పుడైనా? మా అన్నయ్య మొండివాడని ఊరంతా నువ్వే చెప్తావు. ఆ మొండితనం చూపించే అవకాశం నువ్వెప్పుడిచ్చావు ఆయనకి?" ఆ మాట అని, జాకెట్టు వదిన ఒళ్ళో పడేసింది. "చేతులు వదులు చెయ్యి. నాకు మాత్రం గుడ్డ చాలలేదని చెప్పకు."

ఆ మాటకి ఆవిడ నవ్వలేదు. మూత మూసింది. మర్నాడు మళ్ళీ తెరిచింది.

మరి కొన్నాళ్ళు గడిచాయి. ఒక పొద్దున మాస్టారు పెట్టె ముందు కూర్చుని, మూత ఎత్తి, సూది వైపు చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సూది బాగుంది. మూత బాగుంది. నీళ్ళు బాగున్నాయి" అన్నాడు మెల్లగా. "ఇక మిగిలింది నేనే."

"అదేం మాటండీ."

"రాత్రి ఒక అంకె చూసి పడుకుంటాను. సాయంత్రానికి ఇంకో అంకె ఉంటుంది. రాత్రి నిజంగా ఆ అంకే చూశానా అని నాకే అనుమానం వస్తోంది. ఆపరేషన్‌లో మత్తు ఎక్కువిస్తే బుర్ర తగ్గుతుందంటారు. మూడు వందల మంది పనిచేసే చోట బాయిలర్ చూశానే నేను. ఇప్పుడు పిడికెడు పెట్టెని నిలబెట్టలేకపోతున్నా." మూత మూసి, బీరువా మీదికి ఎక్కించాడు. "వెల్డర్ వస్తే ఇచ్చెయ్యి."

మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆ రోజు కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. మర్నాడు పక్క దులుపుతుంటే దిండు కింద మింగని మాత్రలు దొరికాయి.

ఆవిడ వాటిని అరచేతిలో పెట్టుకుని నిలబడింది. పొగ తాగి పోతాడేమోనని ఇన్నాళ్ళూ కాపలా కాసింది. తను చేసిన పనికి మనిషి పొగ లేకుండానే పోయేలా ఉన్నాడు.

అప్పటికీ పాత దారే వెతికింది. పెట్టె దించి, గిన్నె నింపి, మూత మూసి, దాని జోలికి పోకుండా ఊరుకుంది. అప్పటికే చాలావరకు తాగి ఉన్న చెక్క, అడ్డు లేకపోయేసరికి, తొందరగానే దారికొచ్చింది. సూది డెబ్బై దగ్గర ఆగి, పొద్దునా సాయంత్రమూ అక్కడే ఉంది. ఆవిడ పడకగది గుమ్మంలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, "ఏవండీ, మీ సూది నిలబడినట్టుంది, చూస్తారా" అంది.

ఆయన కదల్లేదు. "పాడైన సూది ఎక్కడైనా నిలబడుతుంది."

"ఉప్పు పెట్టి చూశారుగా, బాగుందన్నారుగా."

"చూసింది నేనేగా. నన్ను నమ్ముతావేంటి?"

ఇక పక్కదారులు లేవు. ఆవిడ వచ్చి మంచం మీద, ఆయన వీపుకి దగ్గరగా కూర్చుంది.

"మీరు సరిగ్గానే చూశారు. ప్రతిరోజూ సరిగ్గానే చూశారు. మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు మూత తీసి ఫ్యాను కింద పెట్టింది నేను."

ఆయన ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదటినుంచీ."

"నేను లైటు పెట్టి బల్ల చుట్టూ తిరిగినప్పుడు?"

"అప్పుడు కూడా."

"తెరలు వేసింది నువ్వేగా."

ఆవిడ తల ఊపింది. ఆయన లేచి కూర్చున్నాడు. కోపంగా అరిస్తే ఆవిడకి బాగుండేది. అరవలేదు.

"సిగార్లు పారేసి ఉంటే తిట్టేవాణ్ణి, సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి" అన్నాడు. "నా కంటి మీద నాకే అనుమానం పుట్టించావు. నాకు బుర్ర పోయిందనుకుంటూ పడుకున్నానే ఇన్నాళ్ళూ. నువ్వు పక్కన కూర్చుని ప్యాంట్లు కుట్టుకున్నావు."

ఆవిడ చెయ్యి పట్టుకోబోతే ఆయన తీసేసుకున్నాడు. ఆ పూటా, ఆ మర్నాడూ ఆయన ఆవిడతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నాడు. మాత్రలు ఆవిడ ఎదురుగానే, నోరు తెరిచి చూపించి మరీ మింగాడు. పెట్టెని తనే బల్ల మీద సర్దుకుని, సిగార్లు ఐదూ ఒకదానికొకటి ఒత్తుకోకుండా లోపల పేర్చాడు. రోజూ మధ్యాహ్నం కునుకు మానేసి దాని ఎదురుగా కూర్చునేవాడు. సూది కదల్లేదు.

ఒక సాయంత్రం ఆవిడని పిలిచాడు. మూత తెరిచి ఉంది. ఒక సిగార్ బయటికి తీసి వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి చూస్తున్నాడు. ఆకు పెళుసుగా లేదు, మెత్తగా అణిగి మళ్ళీ లేస్తోంది.

"అగ్గిపెట్టె ఎక్కడుంది?"

ఎక్కడుందో ఆవిడకి తెలుసు. అయిపోయిందని చెప్పొచ్చు. తడిసిపోయిందని చెప్పొచ్చు. వెతికి వస్తానని వంటింట్లోకి వెళ్ళి ఆడపడుచుకి ఫోన్ చెయ్యొచ్చు. ఆ మూడూ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని మింగి, అరలోంచి అగ్గిపెట్టె తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. పెట్టి, దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"వద్దు" అంది.

గొంతు కొత్తగా వినిపించింది, తనకే.

మాస్టారు కళ్ళు పైకెత్తాడు. "ఏంటీ?"

"కాల్చొద్దు. మీరు పోతే నేనుండలేను. మీ ఇష్టం అని నేను అనను. వద్దనే అంటాను."

ఆయన ఆవిడ మొహం వైపు, సూది వైపు చూసేటంత శ్రద్ధగా చూశాడు.

"నేను కాల్చి తీరతానంటే?"

"మళ్ళీ వద్దంటాను. మీ ఎదురుగానే నిలబడి అంటాను. వెనకాల మాత్రం ఏమీ చెయ్యను."

సిగార్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా వాసన పీల్చాడు. తర్వాత ఆయన సిగార్‌ని తీసిన చోటే పెట్టి, మూత దించాడు.

"రేపు మళ్ళీ అడుగుతా."

"అడగండి" అంది ఆవిడ. "రేపూ ఇదే చెప్తా."