రోజుకో గుహ

ఆటలో లిఖిత ఆ రోజు మొదటి అంతస్తులోనే చచ్చిపోయింది. ఫోన్‌లో ఆ సంగతి చూసి నజియా చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. సరిగ్గా చూడలేదేమోనని మళ్లీ చూసింది. అదే ఉంది. లిఖిత, మొదటి అంతస్తు, గబ్బిలం చేతిలో మృతి.

గబ్బిలం చేతిలోనా! నజియాకు ఆ ఆట నేర్పిందే లిఖిత. గబ్బిలాన్ని మూలకు రప్పించి ఎలా కొట్టాలో చూపించిందీ ఆమే. అలాంటి మనిషి గబ్బిలానికి చిక్కిందంటే, గజ ఈతగాడు మోకాలి లోతు నీళ్లలో మునిగిపోయినట్టే.

రెండేళ్ల కిందట ఖమ్మంలో గ్రూప్స్ కోచింగ్ తీసుకునేటప్పుడు ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. నజియాది భద్రాచలం. తండ్రి షుకూర్ అక్కడ బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే దుకాణం నడుపుతాడు. లిఖితది వేంసూరు. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. చదివి చదివి తల వేడెక్కినప్పుడు లిఖిత ఫోన్ తీసి ఆ ఆట ఆడేది. చేతిలో దీపం పట్టుకుని నేల కింది గుహల్లోకి ఒక్కో అంతస్తే దిగిపోవాలి. ఒకసారి చూసిన గుహ మళ్లీ రాదు. దారులు, గదులు, పొంచి ఉన్న జంతువులు ప్రతిసారీ కొత్తగా పుట్టుకొస్తాయి. నిన్న ప్రాణం పోసిన ఎర్ర సీసా ఇవాళ విషం కావచ్చు. ఒకసారి చచ్చామా, సంపాదించిన కత్తీ కవచమూ అన్నీ పోయి మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడాలి. ఒక్కటే దయ. మనం అడుగు వేస్తే తప్ప శత్రువు అడుగు వెయ్యడు. ఎంతసేపు ఆలోచించుకున్నా తొందరపెట్టేవాళ్లుండరు. ఈ రకం ఆటలను రోగ్‌లైక్‌లంటారని చెప్పింది కూడా లిఖితే.

"ఇంత కష్టపడి దిగినంక ఒక్క తప్పుకు అంతా పోతే ఏంది లాభం?" అని నజియా మొదట్లో విసుక్కుంది.

"కత్తి పోద్ది. నీకొచ్చిన తెలివి పోదుగా. ఆ బొమ్మకి ఏం మిగలకపోయినా ఆడేదానికి మిగులుద్ది," అంది లిఖిత.

అంత మాట చెప్పిన మనిషి, పరీక్ష ఇంకా దూరంగా ఉండగానే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. పండక్కి ఇంటికి పోయి తిరిగొచ్చిన నజియాకు ఉత్త మంచం కనబడింది. ఫోన్ చేస్తే, ఇక చదవనని, ఊళ్లో పామాయిల్ తోట చూసుకుంటానని చెప్పింది. నజియా "పిరికిదానివి" అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి మాటల్లేవు.

అయితే ఆ ఆటలో రోజుకో గుహ అని ఒకటుంది. ఆ రోజుకు లోకంలో అందరికీ ఒకటే గుహ, మనిషికి ఒకటే ప్రాణం. ఆడినవాళ్లు ఎక్కడిదాకా పోయారో స్నేహితులకు కనబడుతుంది. ఒకరి పేరును ఒకరు తీసెయ్యలేదు. ఎందుకు తియ్యలేదని అడిగితే ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లేమో. లిఖిత తోటకు పోయేముందు ఆడేది. ఆమె ఏడో అంతస్తు దాకా పోతే, ఎనిమిదోది చూసేదాకా నజియాకు అన్నం సయించేది కాదు. మాటల్లేకపోయినా ఒకే చీకట్లో ఒకరి వెనక ఒకరు నడుస్తున్నట్టుండేది.

గబ్బిలం చంపిన మర్నాడు లిఖిత పేరు లేదు. ఆ మర్నాడూ లేదు. "నాకేంది," అనుకుంది నజియా. అనుకుందే గానీ ఆ వారమంతా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. పుస్తకం తెరిచి అదే పేజీ మళ్లీ మళ్లీ చదివింది. దుకాణానికి వెళ్లి తండ్రి పక్కన కూర్చుని, ఒక జిప్పు ఊడదీసి, అది తిరిగి వెయ్యకుండానే లేచి వాకిట్లోకి పోయింది.

"ఏందే బేటా, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు షుకూర్.

"నా దోస్తు కనబడ్తలేదు అబ్బా."

"యాడ?"

"ఆటల."

షుకూర్ నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగాడు. "ఫోన్ చెయ్యకపోయినవా?"

"చేసిన. బందుంది."

"మరి గిట్ల తిరిగితే దొరుకుతదా? పోయి చూసి రా."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నజియా జోడు తొడుక్కుంది. కొత్తగూడెంలో బస్సు మారింది. కిటికీ పక్క సీటు దొరికినా అందులో నిలకడగా కూర్చున్నది లేదు. టేకు అడవి మధ్య బస్సు ఆగినప్పుడల్లా తలుపు వైపు చూసింది. లిఖిత బాగానే ఉంటే ఏమని తిట్టాలో దారంతా కూర్చుకుంది. బాగా లేకపోతే ఏమనాలో మాత్రం ఒక్క మాటా తోచలేదు. సత్తుపల్లిలో ఆటో ఎక్కి, వేంసూరులో లిఖిత తాత పిచ్చయ్యగారిల్లని చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆ పాపకు కన్ను దెబ్బ తగిలింది కదా, చూడటానికి వచ్చారా?" అన్నాడు.

నజియా అవునని తలూపింది. కూర్చుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో తెలియలేదు.

తలుపు తీసిన లిఖిత తల్లి ప్రమీలారాణి నజియాను గుర్తుపట్టి కళ్లు తుడుచుకుంది. "రామ్మా. లోపలుంది. వెలుగు చూడలేకపోతోంది," అంది. గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టారు. లిఖిత మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి కంటి మీద పచ్చ గుడ్డ వేలాడుతోంది. రెండో కన్ను కూడా మూసుకునే ఉంది.

"ఎవరమ్మా?" అంది లిఖిత.

"గబ్బిలాన్ని," అంది నజియా.

లిఖిత గోడ వదిలి ముందుకు వంగింది. చెయ్యి చాపి గాల్లో వెతికింది. నజియా ఆ చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చుంది.

తోటలో గెలలు కోయిస్తుంటే మట్ట జారి పడి, దాని ముల్లు కంట్లో గీసుకుపోయిందట. చిన్నదే కదా అని నీళ్లతో కడుక్కుని ఊరుకుందట. తెల్లారేసరికి కన్ను వాచింది. అలాగే నీళ్లు కారే కళ్లతో ఆట ఆడబోతే గబ్బిలం రెండుగా కనబడింది. ఖమ్మం కంటి డాక్టరు చూసి, ముల్లు గీరినచోట పుండు పట్టిందన్నాడు. గంటగంటకూ చుక్కలు వెయ్యాలి, రెండో కన్ను కూడా అలవకూడదు. ఫోన్ ప్రమీలారాణి లాక్కుని బీరువాలో పెట్టింది.

"ఎల్లుండి మళ్లీ చూస్తారంట. పుండు తగ్గితే సరే. తగ్గకపోతే ఆపరేషనంట," అంది లిఖిత. వేళ్లతో దుప్పటి అంచును మెలిపెడుతూనే ఉంది. "పడుకుంటే నిద్ర రాదు, లేస్తే పనిలేదు. ఈ గోడల మధ్య పిచ్చెక్కిపోతోందే. ఇవాళ్టి గుహ ఆడావా?"

"లేదు."

"అయితే ఆడు. నాకు చెప్తా ఆడు."

నజియా ఫోన్ తీసింది. కనబడినవన్నీ చెప్పసాగింది. ఎదురుగా పొడుగు గది, ఎడమ పక్క రెండు తలుపులు, మూలన ఎలుక. లిఖిత కళ్లు మూసుకునే వింటూ, "తలుపులో నిలబడు. ఒక్కొక్కటే వస్తాయి," అనేది. మధ్యలో చుక్కల వేళయితే నజియా ఫోన్ పక్కన పెట్టి చుక్కలు వేసేది. అలా దిగుతూ దిగుతూ ఆరో అంతస్తుకు చేరారు. అక్కడ తిరగవలసిన దారులన్నీ తిరిగి, కిందికి దిగే మెట్లు కనబడ్డాక, మెల్లగా అడుగులేసే రాతి మనిషి ఒకడు అడ్డం వచ్చాడు. కొట్టీ కొట్టీ ప్రాణం నూలుపోగంత మిగిలింది. సంచిలో ఒక నీలం సీసా ఉంది. అదేమిటో తెలియదు.

"తాగొద్దు. వెనక్కి పో," అంది లిఖిత.

"నువ్వెప్పుడూ వెనక్కే పోతవ్."

అనేశాక నజియా నాలుక కరుచుకుంది. కానీ లిఖిత ఊరుకోలేదు.

"నేను పారిపోలేదే. ఆ పుస్తకాలు చూస్తే ఊపిరాడేది కాదు నాకు. తోటలో ఉంటే బాగుంటుంది. నిజంగా బాగుంటుంది. అదెందుకు తప్పయిందో నాకు తెలీదు."

"తోటకు పోయినందుకా నా కోపం? నాకు చెప్పకపోయినవ్! ఉత్త మంచం చూసి, నువ్వు స్నానానికి పోయినవేమోనని బాత్రూంల ముందు నిలబడి పిలిచిన. అందరు నవ్విన్రు."

"చెప్తే నువ్వు ఆపేస్తావని భయం. నువ్వు మాట్లాడితే నేను కాదనలేను. నీకది తెలుసు."

"తెలుసు," అంది నజియా. "ఆపేదాన్నే."

"చెప్పకుండా రావటం మాత్రం తప్పే," అంది లిఖిత.

వాళ్లు పోట్లాడుకున్నంతసేపూ రాతి మనిషి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలబడ్డాడు. నజియా ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఏం చెయ్యమంటవ్?"

"నీ ఇష్టం. నిన్ను ఆపను."

నజియా బొమ్మ చేత నీలం సీసా తాగించింది. తెర మొత్తం నల్లబడిపోయింది. గదీ లేదు, మెట్లూ లేవు, రాతి మనిషీ లేడు.

"ఏమైందే?"

"కండ్లు పోయినయ్," అంది నజియా భయంగా. "కండ్లు కనబడకుండ చేసే మందది."

లిఖిత పగలబడి నవ్వింది. ప్రమీలారాణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వింది. కన్ను నొప్పెట్టి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"నువ్వు చూసి ఆడావు. నేను మొదట్నుంచీ చూడకుండానే ఆడుతున్నా. ఎక్కడేముందో నాకు గుర్తుంది. ఎడమకు పో. గోడ తగిలేదాకా పో."

"వాడు వెనక వస్తడేమో!"

"వాడిది నిదానం నడకన్నావుగా. పో. ఇప్పుడు కిందికి. ఇంకా. ఇంకా. అక్కడ దిగు."

నజియా నొక్కింది. మెట్లు దిగిన చప్పుడు వినబడింది. ఇద్దరూ ఒకేసారి కేక పెట్టారు. ఏడో అంతస్తులో తోడేళ్ల గుంపు కాచుకుని ఉంది. చూపు తిరిగివచ్చేలోపే ప్రాణం పోయింది. అయినా చూపు లేకుండా అంత దూరం వస్తామని ఇద్దరూ అనుకోలేదు.

"ఇంకోసారి ఆడవే," అంది లిఖిత అలవాటుగా.

"ఇంకోసారి ఏడిది? ఇయ్యాల్టిది అయిపోయింది."

నజియా ఇంటికి ఫోన్ చేసి రెండు రోజులు ఉంటానని చెప్పింది. మూడో నాడు ముగ్గురూ ఖమ్మం వెళ్లారు. లిఖితను లోపలికి పిలిచాక ప్రమీలారాణి కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటే, నజియా నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. బయటికి వచ్చేదెవరైనా, తలుపు తెరిచినప్పుడల్లా ముందుకు పోయి చూసింది. చివరికి లిఖిత బయటికొచ్చింది. పుండు మానుతోందన్నారట. ఆపరేషన్ అక్కర్లేదు. కానీ నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ మిగిలిపోతుంది. ఆ కంటికి చూపు ఓ పక్క మసకగానే ఉండిపోవచ్చు. ప్రమీలారాణి నడవాలోనే దణ్ణం పెట్టింది. నజియా లిఖిత భుజం మీద గట్టిగా ఒక్కటి వేసి, ఏడ్చేసింది.

బస్టాండులో భద్రాచలం బస్సు కోసం నిలబడ్డప్పుడు లిఖిత అడిగింది, "పరీక్షకు చదువుతున్నావా?"

నజియా ఈ ప్రశ్నకు ఇంట్లో ఎప్పుడూ అవ్ అనే చెప్పేది. ఇప్పుడు మాత్రం, "చదువుతున్ననో లేదో నాకే సమజైతలేదు. పుస్తకం పడితే లేచి పోవాలనిపిస్తది. మానేద్దామనిపిస్తది. మానేస్తే ఏం చెయ్యాల్నో తెల్వది," అంది. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

లిఖిత పచ్చ గుడ్డ సవరించుకుని బాగున్న కంటితో ఆమె వైపు చూసింది.

"రాస్తే రాయి, మానేస్తే మానెయ్. ఏదైనా నాకు చెప్పి చెయ్యి," అంది.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. నజియా మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి, "చెప్తలే," అని అరిచింది.