మిషను సాక్ష్యం

కుడిచెయ్యి తలకింద పెట్టించి, పక్కటెముకల సందున చల్లటి జెల్లు పూసి, తట్టే మావయ్య మిషను కొన ఆనించాడు. టక్. మంచం మీది దర్జీ ఉలిక్కిపడ్డాడు.

“కదలకురా. కొలతలు తీసేటప్పుడు కదిలితే జనాన్ని ఎంత కసురుతావు నువ్వు!”

తాగుడు మాన్పించే ఆ ఆస్పత్రిలో, ఎవరి కాలేయం ఎంత గట్టిపడిందో తట్టి చూడటం అతని పని. తట్టే మావయ్య అన్న పేరు కూడా రోగులు పెట్టిందే. మిషను లేని రోజుల్లో పెద్ద డాక్టరు పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూస్తుంటే ఇతను లైటు పట్టుకునేవాడు. అంతా చూసి, సాయంత్రం ఇదే దర్జీ కొట్టు మెట్లమీద చేరి, శుభ్రంగా తాగేవాడు.

ఒకరోజు మావయ్య భార్య పల్లెత్తు మాట అనకుండా రెండో గ్లాసు తెచ్చింది. “నాకూ పొయ్యండి. పోతే ఇద్దరం కలిసే పోదాం.” ఆ పూటతో మానేశాడు. ఆవిడే మాట తప్పి ముందు పోయింది.

దర్జీ మాత్రం నిరుటిదాకా తాగాడు. అతని భార్య అన్నగారింటికి వెళ్లిపోతూ, “నీ ఒట్లు నాకొద్దు. ఏడాది మాని, మిషను చేత చెప్పించు, వస్తాను” అంది. ఇవాళ మధ్యాహ్నం బస్సుకు ఆవిడ దగ్గరికే అతని ప్రయాణం.

తెరమీద అంకె దిగకుండా, ఇంచుమించు నిరుటి అంకె దగ్గరే నిలబడింది.

“తాగావా?”

“నీమీద ఒట్టు! చుక్క ముట్టలేదు.”

మావయ్య అతని పొట్టవంక చూశాడు. “మరి తిన్నావా?”

“మా అక్క ఊరుకుంటుందా? మంచిపనికి పోతూ ఖాళీ కడుపేమిట్రా అని కూర్చోబెట్టి మరీ...”

“తింటే లివర్ బిగుస్తుందిరా సన్నాసీ! మూడు గంటలు నోరు కట్టుకుని కూర్చో.”

ఆ మూడు గంటల్లో, రోగికీ రోగికీ మధ్య మావయ్య వచ్చి బయట బల్లమీద దర్జీ పక్కన కూలబడ్డాడు.

“ఆ మెట్లమీద ఎంత నవ్వేవాళ్లంరా!”

“నవ్వింది మనం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండేది” అన్నాడు దర్జీ.

రెండోసారి అంకె దిగింది. మావయ్య నమ్మక మళ్లీ మళ్లీ తట్టాడు. దిగే ఉంది.

“పూర్తిగా మెత్తబడలేదు. దారిలో మాత్రం పడింది. ఇక పో, బస్సు కదిలిపోతుంది.”

దర్జీ జెల్లయినా తుడుచుకోకుండా, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, రిపోర్టు కాగితం పట్టుకుని పరుగెత్తాడు. మావయ్య కిటికీలోంచి చూశాడు. బస్సు అతన్ని ఎక్కించుకుని మలుపు తిరిగింది.

గదిలో కుర్చీమీద దర్జీ మరిచిపోయిన కాగితం పొట్లం ఉంది. విప్పి చూస్తే ఆడవాళ్ల ఉన్నికోటు, కొత్తది. ఈ ఏడాదిలో భార్య ఒళ్లు చేసిందో, చిక్కిపోయిందో తెలియక, దర్జీ రెండు పక్కలా కుట్టు లోపల బెత్తెడేసి గుడ్డ మడిచి వదిలాడు.