మేనమామ గండం

కృష్ణ పొంగి యాపలదిన్ని జొన్నచేన్ల మీద ఇసుక పరిచిపోయిన ఏటికి రెండో ఏడు. మార్గశిర పున్నమికి ముందు దినం మారెప్ప బిడ్డ యంకమ్మ పుట్టింట్ల మగపిల్లగాన్ని కన్నది. పంచాంగం చూసిన అయ్యగారు రోహిణి నక్షత్రమన్నడు. ఆ నక్షత్రంల పుడితె మేనమామకు గండమంట. నూనెల పిల్లగాని నీడ చూపిచ్చి శాంతి చేసేదాక మామ వాని మొఖం చూడొద్దంట.

మామ ఇంకెవరు, యంకమ్మ అన్న బసవప్ప. కాలువ తవ్వకానికి పోయినోడు ఆ వారంలనే కాలి మీద బండ పడేసుకొని కుంటుకుంట ఇంటికొచ్చిండు. తడి మట్టిల జారిందని తోటోళ్లే చెప్పిరి. వాడు మాత్రం నేరం పిల్లగాని మీదికే తోసె.

పిల్లగాన్ని తొట్టెలల ఏసే పండుగ రేపనంగ తండ్రి ముందర కూసొని, "నాయినా, శాంతి గీంతి నాకొద్దు. దాన్ని మల్లట్‌కు తోలు" అన్నడు.

మల్లట్ యంకమ్మ అత్తగారి ఊరు. రెండు దినాల బండిబాట. పచ్చి బాలింత, పైన చలి. మారెప్ప మాట ఖర్చు పెట్టే మనిషి కాడు. లోపల యంకమ్మ ఏడ్చేది ఇన్నడు. తువ్వాల భుజానేసుకొని పోయి బడిపంతులు వెంకోబరావును తోలుకొచ్చిండు. చదువుకున్నాయన చెప్తెనన్న ఇంటడేమోనని.

పొద్దు గూకింది. పంతులు వాకిట్ల నిలబడి తూర్పున కాషాయం రంగుల మెరిసే చుక్కను చూపిచ్చిండు.

"చూడప్పా బసవప్పా, అదే రోహిణి. మన సూర్యుని వంటిదే, కాకుంటే ముసలిదై ఉబ్బింది. నలభై సూర్యుళ్లను వరసగ పేర్చినా దాని అడ్డానికి చాలవు. పైన వేడి మాత్రం సూర్యుని కన్న తక్కువ. కొలిమిల తెల్లగ కాలిన ఇనుము చల్లారుకుంట ఆ రంగుకు రాదా, అట్ల. ఇప్పుడు నీ కంట్ల పడ్డ వెలుగు అక్కడ బయల్దేరి అరవై ఏండ్లు దాటింది."

బసవప్ప మొఖం తెల్లబోయింది. "నలభై సూర్యుళ్లకు మించినదా! చిన్న చుక్క అనుకుంటి గద సారూ! అంతది పగబడితె నేను మిగులుతనా? నాయినా, తెల్లారంగనే బండి కట్టు!"

మారెప్పకు అప్పుడు లేచింది కోపం.

"నోర్మూయ్‌రా! అంతది, అంత దూరం నుంచి, యాపలదిన్నిల బసవడు యాడున్నడని ఎతుక్కుంట వస్తదా? దానికి వేరే పని లేదా? ఆ వెలుగు బయల్దేరిననాడు నువ్వు కాదు, నిన్ను కన్న నేను గూడ పుట్టలే. ఎవని మీద పగతోని బయల్దేరిందిరా? బండ జారిచ్చుకున్నది నీ చేతులు, నింద మోసేది పసిగుడ్డా? మొఖానికి మీసాలు గూడ ఉన్నయి, థూ!"

"అయ్యగారు చెప్పిందే గద నాయినా..."

"మొఖం చూడొద్దన్నడు. బాలింతను బండెక్కియ్యమన్లే."

"ఒక్కటే ఇల్లాయె. చూడకుండ ఎట్లుండాలె?" అని నసిగిండు బసవప్ప.



తెల్లారింది. మారెప్ప బండి కట్టలే. తనే బసవప్ప కంబళి, చెంబు, తినే తలె ఎత్తుకపోయి ఎద్దుల కొట్టంల పెట్టొచ్చిండు. తర్వాత నడింట్ల దూలానికి తొట్టెల కట్టి, మనవన్ని అండ్ల పండబెట్టిండు.