పదో మాట

కూస్కూస్ రవ్వను మూడుసార్లు ఆవిరి పట్టాలి. ఒక్కో వాయి దింపాక పెద్ద బేసినులో కుమ్మరించి, చేతులకు నూనె రాసుకుని, ఉండ కట్టకుండా నలపాలి. రెండువందలమందికి వండేటప్పుడు దానికి ఎంతసేపు పడుతుందో తినేవాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. జిజెల్ ఐదింటికి మొదలుపెట్టింది. ఇప్పుడు పదిన్నర. వేళ్ళ కణుపులు వాచిపోయాయి.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. మేయర్‌గారు పతకం ఇస్తారు, తీసుకో. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు ఆర్మాన్, బడి వంటింటి గుమ్మంలో నిలబడి. చేతిలో ఉపన్యాసం కాగితం. ఆ ఊరి యూదు సంఘానికి అతను కార్యదర్శి. నెల రోజులుగా టీవీలవాళ్ళకూ పోలీసులకూ పారిస్ నుంచి వచ్చిన పెద్దలకూ జవాబు చెప్తున్నది అతనే. "మా ఆవిడ పదిమంది పిల్లల్ని కాపాడింది" అన్న మాట అతని నోట జిజెల్ వందసార్లు విని ఉంటుంది. మొదట్లో ఆ మాట దగ్గర అతని గొంతు వణికేది. ఇప్పుడు వణకడం లేదు. విన్నప్పుడల్లా జిజెల్ మాత్రం, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఉలిక్కిపడుతూనే ఉంది.

"ఉప్పు చూశావా? పోయినసారి తక్కువైంది," అని కూడా అన్నాడు వెళ్తూ వెళ్తూ.

పోయినసారి అంటే ఏడో రోజు భోజనం. ఇవాళ ముప్ఫయ్యో రోజు సభ. చనిపోయినవాళ్ళ ఇళ్ళలో ఏడు రోజులు వంట చెయ్యరు, ఇరుగుపొరుగు వండి తీసుకెళ్ళాలి. మూడు ఇళ్ళు, ఏడు రోజులు. ఇరుగుపొరుగు అంటే ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు గదిలో ఉన్నవాళ్ళంతా జిజెల్ వైపు చూశారు. "బడి వంటావిడవి, నీకిది అలవాటే కదమ్మాయ్," అంది అత్తగారు ఫోర్తునే. "ట్యూనిస్‌లో మా అమ్మ ఒక్కతే ఊరందరికీ వండేది. పనిలో పడితే మనసు అదే మళ్ళుతుంది." మనసు మళ్ళలేదు. చేతులు పనిలో ఉంటే దానికి ఇంకా తీరిక దొరికింది. పగలంతా ఆ నవంబరు పొద్దుటి చుట్టూనే తిరిగేది.

తల్లిదండ్రులు పనులకు పోతూ తొందరగా దింపేసే పిల్లలు కొందరుంటారు. బడి తెరవడానికి ఇంకా గంట ఉంటుంది, చలి. "నువ్వెలాగూ ఏడింటికే వస్తావు కదా జిజెల్, కాస్త చూస్తుండు," అన్నాడు హెడ్మాస్టరు, ఇరవై రెండేళ్ళ కిందట. జీతంలో లేని పని. వాళ్ళకు రొట్టె కోసి జామ్ రాసి ఇచ్చేది, జడలు బిగించేది, ముక్కులు తుడిచేది. ఆ పొద్దున గేటు దగ్గర టపటపా శబ్దం. టపాకాయలని అనుకుంది ఒక్క క్షణం. తర్వాత గేటు దగ్గరున్న మాస్టారి కేక. యూదుల బడి అని తప్ప ఆ పిల్లల గురించి ఏమీ తెలియనివాడొకడు తుపాకీతో లోపలికి వచ్చాడు. జిజెల్ చేతికందినవాళ్ళను అందినట్టు పిండిబస్తాల గదిలోకి తోసి, తానూ దూరి, తలుపు వేసే ముందు లెక్క చూసుకుంది.

అక్కడే జరిగింది ఆ తప్పు.

మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు, దిష్టి. అందుకని యూదుల గుడిలో మగవాళ్ళు ఒక కీర్తన పాదం వాడతారు. పది మాటల పాదం. తలకొక మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు, పదో మాట పడిందంటే పదిమంది కుదిరినట్టే, ప్రార్థన మొదలుపెట్టవచ్చు. ఆ పదిలో ఆడది లెక్కకు రాదు. జిజెల్ పై అంతస్తులో ఆడవాళ్ళ వరసలో కూర్చుని, కింద ఆర్మాన్ వేలు ఊపుతూ లెక్క చూడటం ముప్ఫై ఏళ్ళుగా విని నేర్చుకుంది. ఆ చీకటి గదిలో నోటికి వచ్చింది అదే. చిన్న చిన్న తలల మీద చెయ్యి పెడుతూ ఒక్కో మాటా గొణిగింది. పదో మాట పడింది. పాదం ముగిసింది. అమ్మయ్య, అందరూ ఉన్నారు అనుకుని గడియ పెట్టింది.

పొద్దున్నే వచ్చే పిల్లలు పదకొండుమంది.

పదకొండో పాప ఓడెలియా. ఏడేళ్ళు, ముందు పన్ను ఊడింది. "చేతులు కడుక్కోకుండా రొట్టె ముట్టుకోకు" అని అప్పుడే తొట్టి దగ్గరికి పంపింది జిజెలే. తొట్టి ఆవరణ చివర ఉంది.

ఈ సంగతి పోలీసులు అడగలేదు. "ఆ గదిలో ఎంతమంది?" అన్నారు, చెప్పింది. మర్నాడు పేపర్లో పదిమందిని కాపాడిన వంటావిడ అని బొమ్మ వేశారు. రాత్రి పక్క మీద ఆర్మాన్ ఆ పేపరు మడిచి, "మా నాన్న బతికుంటే ఎంత పొంగిపోయేవాడో," అన్నాడు. నీకెలా ఉంది అని అడగలేదు. అడిగితే చెప్పేసేదేమో. అడగని ప్రశ్నకు జవాబు మోయడం ఎంత బరువో నెల రోజుల్లో తెలిసొచ్చింది.

తలుపు చప్పుడైంది. ఓడెలియా వాళ్ళమ్మ కారీన్.

"అక్కడ సభలో కూర్చోలేకపోతున్నా. వచ్చిన ప్రతివాళ్ళూ నా చెయ్యి పట్టుకుని వదలరు. ఏదైనా పని ఇవ్వండి నాకు."

జిజెల్ నూనె గిన్నె జరిపింది. ఇద్దరూ బేసినుకు అటొకరు ఇటొకరు నిలబడి రవ్వ నలిపారు. కారీన్‌కు చేతకాదు, గట్టిగా పిసికేస్తోంది. జిజెల్ సరిదిద్దలేదు.

"ఒక మాట అడుగుతా," అంది కారీన్ తలెత్తకుండా. "ఆ రోజు పొద్దున అది నీలం స్వెట్టర్ కోసం పేచీ పెట్టింది. నేను కసిరాను. ఇక్కడికొచ్చాక ఏడ్చిందా?"

"జిజెల్!" ఆర్మాన్ తల లోపల పెట్టాడు. "మేయర్ కారు వచ్చేసింది. ఆ ఏప్రన్ విప్పు, తొందరగా!"

జిజెల్ వెళ్ళి అతని ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో అది మొదటిసారి. తిరిగి వచ్చి, తుడుచుకోని చేతులతోనే చెప్పింది: ఏడవలేదమ్మా, పన్ను ఊడిన చోటు చూపించి నవ్వింది. తర్వాత మిగతాది కూడా చెప్పింది. తొట్టి, చీకటి గది, పది మాటలు, గడియ. కారీన్ ఇప్పుడు కొట్టినా, ఉమ్మినా నిలబడాలనుకుంది.

కారీన్ చేతులు రవ్వలో ఆగిపోయాయి.

"ఇది ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"మీ ఆయనకి?"

"అడగలేదు."

"నెల రోజుల్లో ఒక్కసారి కూడానా?"

జిజెల్ తల అడ్డంగా ఊపింది. కారీన్ ముక్కు భుజానికి తుడుచుకుంది.

"మిమ్మల్ని క్షమించానో లేదో నాకు తెలీదు. ఇప్పుడే అడగకండి. కానీ అందరూ పది, పది అంటుంటే, నా పిల్ల ఆ పొద్దున అసలిక్కడ లేనే లేనట్టు ఉంటోంది నాకు. పదిమందీ మీ దగ్గరున్నారట. మరి అదెక్కడుంది? దారినపోయే పిల్లా?"

బయట ఆర్మాన్ తలుపు తడుతున్నాడు. "జిజెల్, పరువు తీయకు, అందరూ ఎదురుచూస్తున్నారు!"

జిజెల్ పొయ్యి కట్టేసింది. మూడో ఆవిరి ఇంకా పట్టలేదు. ఉండలు కడితే కట్టనీ, తింటారు, లేకపోతే లేదు. "పతకం తీసుకోను, కారీన్. ఓడెలియా కూడా నా దగ్గరే ఉందని మైకులో నేనే చెప్తాను. ఎందుకు మర్చిపోయానో కూడా చెప్తాను," అని గడియ మీద చెయ్యి వేసింది.

"జిజెల్‌గారూ." కారీన్ బేసిను అంచు పట్టుకుని నిలబడి ఉంది. "ఆ తొట్టిలో నీళ్ళు చల్లగా ఉంటాయా? దానికి చన్నీళ్ళు పడవు. ఏడుస్తుంది."

"లేదమ్మా. ఆ కుళాయికి వేడి రావడానికి పావుగంట పడుతుంది. పిల్లలు రాకముందే తిప్పి పెడతాను, రోజూ. ఆ రోజూ వెచ్చగానే ఉన్నాయి."