పొలి తొక్కిన కాలు

పొద్దున ఆరు గంటలకు తిరుపతి రెండు సైకిళ్ల టైర్లనూ బొటనవేలితో నొక్కి చూశాడు. గాలి సరిపోయింది. బ్రేకులు పట్టి చూశాడు, చైన్లకు నూనె చుక్కలు వేశాడు, మెడలో ఈల ఉందో లేదో తడుముకున్నాడు. హైస్కూల్లో పీఈటీ సారు ఆయన. ఈల లేకుండా గడప దాటితే చొక్కా వేసుకోవడం మరిచిపోయినట్టుంటుంది ఆయనకు. వియత్నాంలో ఈలతో ఏం పని అని ఆయన భార్య కల్పన అడగలేదు. ఏడు నెలలుగా ఆమె ఎవరినీ ఏదీ అడగడం లేదు.

నిన్ బిన్ అనే ఊళ్లో చిన్న లాడ్జి. చుట్టూ వరిపొలాలు, వాటి మధ్యలోంచి నిట్టనిలువుగా లేచిన గుట్టలు. పది రోజుల సెలవు. రోజుకు నలభై కిలోమీటర్లు తొక్కడం, ఆకలైతే తినడం, అలసిపోయి పడుకోవడం, ఇంతే ఆయన వేసుకున్న ప్లాను. జనగామలో ఇంటర్ చదివే రోజుల్లో వాళ్లిద్దరూ సైకిళ్ల మీదే ఒకరికొకరు తెలిశారు. ఎదురుగాలిలో కూడా ఆయన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి నవ్వేది కల్పన. ఆ నవ్వు మళ్లీ ఒక్కసారి కనబడకపోతుందా అని తీసుకొచ్చాడు. ఆశ అనడం కూడా ఎక్కువే. ఇంకేం చేయాలో పాలుపోక చేసిన పని ఇది.

కల్పన ఏఎన్ఎం. తొర్రూరుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న వాళ్ల ఊళ్లోనే సబ్‌సెంటర్. కిందటి వానాకాలం దుర్గమ్మ అనే ఆమె నాలుగేళ్ల కొడుకు సాకేత్‌ను ఎత్తుకుని వచ్చింది. మూడు రోజుల జ్వరం ఆ సాయంత్రమే తగ్గింది. కల్పన థర్మామీటర్ చూసి, "జరం దిగింది దుర్గా, ఇంటికి పోయి పండుకోబెట్టు. పొద్దుగాల తొర్రూరు పోదురు" అంది. డెంగీలో జ్వరం దిగే వేళే అసలు గండమని ఆమెకు తెలుసు. ట్రైనింగులో నేర్పారు, సబ్‌సెంటర్ గోడ మీద కాగితం కూడా అంటించి ఉంది. కానీ ఆ రోజంతా ఇంటింటి సర్వే తిరిగి వచ్చి కాళ్లు లాగుతున్నాయి. పిల్లవాడి అరచేతులు చల్లబడ్డాయేమో పట్టుకుని చూడలేదు. తెల్లారేసరికి పిల్లవాడు లేడు.

ఊళ్లో ఒక్కరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఎదురుపడితే "తిన్నవా బిడ్డా" అనే అడిగారు. ఆ ప్రేమ ఆమెకు భరించరానిదైపోయింది. తరిగొప్పులలోని పుట్టింటికి పొమ్మంటే పోలేదు. ఎవరికీ తన ముఖం తెలియని చోటు, కాటారం అవతల అడవి పక్కన ఎక్కడైనా వేయమని దరఖాస్తు పెట్టుకుంది, తర్వాత ఆ సంగతీ పట్టించుకోవడం మానేసింది. తిండి మానేసింది. కల్పన బతకాలనుకోవడం మానేస్తోందని తిరుపతికి తెలిసిపోయింది. ఆయన భయమంతా అదే.

మొదటి రోజు కాలువ గట్టు మీద పన్నెండు కిలోమీటర్లు తొక్కాక, దారికి అడ్డంగా పసుపు బియ్యం చల్లిన గీత కనబడింది. గీతకు ఇవతల, చెరుకురసం బండి పక్కన, ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కొమురయ్య తాత కూర్చుని రసం తాగుతున్నాడు. వాళ్ల ఊరి పెద్దమనిషి, డెబ్బై ఏళ్లు దాటినవాడు.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు కల్పనను చూసి.

"తాతా, నువ్వు గీడికెట్ల వచ్చినవ్?" అన్నాడు తిరుపతి.

"ఎట్ల వచ్చుడేంది? మన ఊరి శివారు ఇప్పుడు గిదే గదా. చెలకలు దాటి నడుసుకుంట వచ్చిన. ఊరు గింత పెద్దగైతదని ఎవలనుకున్నరు, మోకాళ్లు గుంజుతున్నయ్."

ఆ వారం ఊళ్లో బొడ్రాయి పండుగ. ఊరి నడిబొడ్డున కొత్త రాయి నిలబెడతారు. పెళ్లిళ్లై పోయిన ఆడబిడ్డలంతా వచ్చాక, ఊరి చుట్టూ పొలి బియ్యం చల్లి కట్టు వేస్తారు. ఇక పండుగ ముగిసేదాకా లోపలివాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. విమానం టికెట్లు అంతకు ముందే తీసుకున్నారు కాబట్టి, పొలి పడకముందే దాటిపొమ్మని కొమురయ్యే వాళ్లకు చెప్పాడు. తిరుపతి సామాన్లతో పోయి శివారు బయట ఆటోలో కూర్చున్నాడు. పది నిమిషాల్లో వస్తానన్న కల్పన గంటకు వచ్చింది. ఆ గంటసేపూ ఆమె దుర్గమ్మ ఇంటి వాకిలి ముందు నిలబడి ఉంది. పిలుద్దామని పోయింది, పిలవకుండానే వెనక్కి వచ్చింది. అప్పటికే పొలి పడింది. చూసుకోకుండా దాన్ని తొక్కి ఆటో ఎక్కింది.

"పొలి నీ కాలికంటింది బిడ్డా. ఇగ నువ్వు ఏడిదాక పోతే మనూరు ఆడిదాక" అని కొమురయ్య గ్లాసు కింద పెట్టాడు. చెరుకురసం బండి ఆమె ఆ గ్లాసు కడిగి బోర్లించి, ఆయన వెనకాల వస్తున్న ఊరి మేకలను తన కూరమడి తొక్కనివ్వొద్దని చేత్తో సైగ చేసింది. కొమురయ్య వాటిని అదిలించాడు.

ఆ తర్వాత అంతే. కల్పన ఎటు తిరిగినా పది గజాల ముందు ఆ పసుపు గీత, వెనక ఊరు. రెండో రోజు గుడి దగ్గర ఆగితే ఊరి ఆడబిడ్డలు నలుగురు బట్టల అంగడి చూడ్డానికి వచ్చారు. పడవల రేవులో ఊరి పిల్లలు ఈత కొడుతున్నారు. మాజీ సర్పంచ్ సోమనర్సయ్యకు మాత్రం కోపంగా ఉంది. పొద్దూమాపూ శివారు దాకా డప్పులతో పోయి రావడం పండుగ పద్ధతి. ఇప్పుడు డప్పులవాళ్లు అంత దూరం రామని మొరాయిస్తున్నారట. అందరూ కల్పనను తిన్నావా అని అడిగారు. దుర్గమ్మ మాత్రం రాలేదు. అయినా ప్రతి మలుపులోనూ వస్తుందేమోనని కల్పన బ్రేకుల మీద వేళ్లు తీయలేదు.

"నేనింక ఏడికి పోవాలె?" అంది లాడ్జి గదిలో మంచం అంచున కూర్చుని. ఏడు నెలల తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. తిరుపతి బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

మూడో రోజు అన్నం వేళకు కల్పన ఒక్కతే సైకిల్ తీసుకుని బయలుదేరింది. తిరుపతి చూసి రెండోది అందుకునేసరికే సందు చివరికి పోయింది. నిన్ బిన్ అవతల ఒక గుట్ట ఉంది, దాని మీదుగా తారు రోడ్డు. ఆమె ఆగకుండా ఎక్కింది. తొడలు మండుతున్నాయి, కళ్లు మసకబారుతున్నాయి, అయినా ఆగలేదు. ఎంత వేగంగా తొక్కినా పసుపు గీత పది గజాల ముందే పరిగెత్తుతోంది. గుట్ట పైకి చేరాక రోడ్డు ఒక్కసారిగా కిందికి వాలింది. ఆమె బ్రేకుల మీది నుంచి వేళ్లు తీసేసింది. చావాలని అనుకోలేదు, ఆగాలని కూడా అనుకోలేదు. గాలి చెవుల్లో హోరుమంది. ఎక్కడో వెనక తిరుపతి ఈల వినబడింది, అది కూడా దూరమైపోయింది.

వాలు సగంలో, గీతకు ఇవతలే, రోడ్డు నడుమ దుర్గమ్మ నిలబడి ఉంది. భుజం మీద ఐదేళ్ల కూతురు హన్విక. సైకిల్ దూసుకొస్తున్నా దుర్గమ్మ పక్కకు జరగలేదు.

కల్పన రెండు బ్రేకులూ బిగించి పట్టింది. సైకిల్ అడ్డం తిరిగి పడింది, మోకాలు చెక్కుకుపోయింది. లేచి చూస్తే దుర్గమ్మ రెండడుగుల దూరంలో ఉంది.

"పొల్లకు మూడొద్దుల సంది జరం. పొద్దుగాల దిగింది. దిగిందని ఇంట్ల అందరు సంబురపడ్డరు. నాకు పానం ఆగలే. గప్పుడు గూడ గిట్లనే దిగింది" అంది దుర్గమ్మ.

ఆమె వెనకే రొప్పుతూ సోమనర్సయ్య వచ్చాడు. "నేను వద్దంటనే ఉన్న. కట్టు మీదున్న ఊరాయె. ఇంకొక్క పూట ఆగితే రేపు పొద్దుగాల ఇప్పుతం, తొర్రూరు దవాఖానకు తీస్కపోదం."

కల్పన హన్విక అరచేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. పాదాలూ చల్లగానే ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రాలేదు. కడుపు మీద చేయి వేయగానే పిల్ల మూలిగింది.

"పొద్దటి దాక ఆగద్దు. ఇప్పుడే పోవాలె" అంది.

"ఎట్ల పోతరు? కట్టు దాటొద్దు!"

అప్పటికి కొమురయ్య కర్ర ఊతంతో వచ్చి చేరాడు. "దాటుడేడిది సోమనర్సూ? కల్పన పోతుంటే ఊరు ఆమె ముందటనే పోతది. ఆమె ఎంబడి పొయ్యెటోళ్లు ఊర్లె ఉన్నట్టే. దవాఖాన ఏడుంటే ఆడిదాక మన శివారే. ఎక్కు దుర్గమ్మా."

చెమటలు కక్కుతూ వచ్చిన తిరుపతి సైకిల్ వెనక దుర్గమ్మ పిల్లతో ఎక్కి కూర్చుంది. కల్పన ముందు తొక్కింది. నిన్ బిన్ ఆస్పత్రికి నాలుగు కిలోమీటర్లు. స్కూటర్ల మందల్లోంచి తిరుపతి ఈల ఊదుతూనే ఉన్నాడు, మనుషులు దారి ఇస్తూనే ఉన్నారు. పసుపు గీత ఆస్పత్రి గేటు దాటి, మెట్లెక్కి, పిల్లల వార్డు చివరి గోడ దగ్గర ఆగింది. నేల తుడుస్తున్న ఆమె దాన్ని చెరపకుండా చుట్టూ తుడిచింది. దుర్గమ్మకు పాస్‌పోర్టు లేదు కాబట్టి తిరుపతి తనదే తీసి పట్టుకున్నాడు. కౌంటర్ దగ్గరున్న ఆమె ఆ గీత వంక చూసి, చిరునామా గడిలో ఆస్పత్రి చిరునామానే రాసుకుంది.

డాక్టరమ్మకూ కల్పనకూ ఒకరి భాష ఒకరికి రాదు. బీపీ అంకె ఇద్దరికీ తెలుసు. అది చూసి ఇద్దరి ముఖాలూ ఒకేలా మారాయి. సెలైన్ ఎక్కించారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో కల్పనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నమంతా దుర్గమ్మ బెంచీ మీద కూర్చుంది. కల్పన గోడకానుకుని నిలబడింది. కూర్చోమని దుర్గమ్మ అనలేదు, కల్పన కూర్చోలేదు. మోకాలి నుంచి నెత్తురు కారి సాక్సులోకి దిగి ఎండిపోయింది.

"ఆ దినం నువ్వే ఇంటికి పొమ్మన్నవ్" అంది దుర్గమ్మ.

"అన్న."

"నిన్ను మాఫీ చెయ్యలె నేను. చేస్తనో లేదో నాకే ఎరుకలేదు. కని పొల్లను ఇంకొకల చేతుల పెట్టబుద్ధి కాలె. ఒక్కసారి తప్పిన కండ్లు మల్ల తప్పవనిపించింది."

కల్పన పోయి సెలైన్ చుక్కలు లెక్కపెట్టింది. మళ్లీ వచ్చి పిల్ల పాదాలు పట్టుకుని చూసింది. మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. బయట మెట్ల మీద సగం ఊరు కూర్చుని ఉంది. పిల్లకు నయమయ్యేదాకా కట్టు విప్పేది లేదని కొమురయ్య చెప్పేశాడు. డబ్బాల్లో పాలు తొర్రూరు పోక విరిగిపోతున్నాయని కొందరు గొణిగారు గానీ లేచి పోలేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా హన్విక కళ్లు తెరిచి, విసుగ్గా, "అమ్మా, ఉచ్చొస్తుంది" అంది.

కల్పన ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చింది. పిల్లను ఎత్తి, సెలైన్ సీసా తిరుపతి చేతికిచ్చి, నర్సు దగ్గర కొలత జాడీ లాక్కున్నంత పని చేసింది. పిల్ల పోయడం అయ్యాక జాడీని వెలుతురుకు ఎత్తి పట్టింది.

"నూట ఎనభై ఎమ్మెల్!" అని వార్డంతా వినబడేలా అరిచింది. పక్క మంచాల తల్లులు తిరిగి చూశారు. డాక్టరమ్మ బల్ల దగ్గర్నుంచే బొటనవేలు పైకెత్తింది. సీసా పట్టుకుని నిలబడ్డ తిరుపతికి ఏమీ అర్థం కాలేదు, భార్య ముఖంలో మాత్రం ఏడు నెలలుగా లేని నెత్తురు కనబడింది.

"గదేంది? మంచిదేనా?" దుర్గమ్మ లేచి వచ్చింది.

"మంచిదే. ఉచ్చ గింత వచ్చిందంటే పొల్ల ఒడ్డున పడుతుంది."

"సాకేత్‌కు గప్పుడు..."

"రాలె," అంది కల్పన. జాడీ కింద పెట్టింది. "పగటి సంది పోస్తలేడని నువ్వు చెప్పినవ్ దుర్గా. నాకు యాదికుంది. నువ్వు చెప్పినవ్, నేను వినలె."

ఆ మాట అప్పటిదాకా వాళ్లిద్దరికే తెలుసు. దుర్గమ్మ పిల్ల మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. కొడుకు పోయిన రోజు ఏడ్చినదానికన్నా ఎక్కువ ఏడ్చింది. కల్పన ఆమెను ముట్టుకోలేదు, తనకు ఆ హక్కు లేదనుకుంది, అక్కడే నిలబడి తనూ ఏడ్చింది.

కొంగుతో ముఖం తుడుచుకుని దుర్గమ్మ అడిగింది.

"మల్ల ఎప్పుడు చూడాలె?"

"గంటకోసారి. తెల్లారేదాక చూడాలె."

"అయితే గట్ల నిలబడితే ఎట్ల?" అని దుర్గమ్మ బెంచీ చివరికి జరిగింది. "కూసో అక్కా."

కల్పన కూర్చుంది.