పుచ్చు పెట్టించిన స్పీకర్లు

గవర్నర్‌పేటలో ఆ రేడియోల కొట్టు గుమ్మం ఎక్కగానే సంపూర్ణమ్మకి గుప్పున వాసన కొట్టింది. రేడియోల కొట్టంటే ఏ వాసన ఉండాలి చెప్పండి? కొత్త అట్టపెట్టెల వాసనో, వేడెక్కిన వైరు వాసనో ఉండాలి. అక్కడ మాత్రం బూటు పాలిష్, కాగిన టీ డికాక్షను, పాత గోనె కలిపి ఉడకబెట్టినట్టుంది. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"చెంగు తియ్యి, కొట్టాయన ఏమనుకుంటాడు," అన్నాడు భర్త సంజీవరావు గొంతు తగ్గించి. ఇంజనీరు ఆఫీసులో హెడ్‌క్లార్కు ఆయన. కొట్టాయన ఏమనుకుంటాడో, పక్కింటాయన ఏమనుకుంటాడో, ఆ బెంగతోనే సగం జుట్టు ఊడిపోయింది మనిషికి.

వాళ్ళు వచ్చింది మామగారి కోసం. ఆమోసుగారికి మోకాళ్ళు అరిగిపోయి, భవానీపురంలో ఇంటి మెట్లు దిగడమే గగనమైంది. చర్చి గుడికి వెళ్ళి నాలుగు పాటలు విననిదే ఆదివారం అన్నం సహించని మనిషి, ఇప్పుడు అరుగు మీద కూర్చుని గాలి ఎటునుంచి వీస్తుందా, పాట ఎటునుంచి వస్తుందా అని చెవి రిక్కిస్తున్నాడు. "ఒక మంచి స్పీకరు జత తెద్దామండీ, ఇంట్లో ప్లేయరు ఉండనే ఉంది, ఆయన వింటారు," అని సంపూర్ణమ్మే పోరింది.

కొట్టు యజమాని రామకోటేశ్వరరావు ముందు మామూలు పెట్టెలు వినిపించాడు. ఏ సోకూ లేని నల్ల పెట్టెలు. పాడే ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంది, ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది.

"ఇవే ఇచ్చెయ్యండి," అంది సంపూర్ణమ్మ.

సంజీవరావు చూపు అప్పటికే మూలకి పోయింది. అక్కడ ఉన్నాయి ఆ మహానుభావులు. పైన కమాను, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు, ముందు జరీ అంచు గుడ్డ, కింద సింహం కాళ్ళు. జమీందారు దివాణంలోంచి మోసుకొచ్చినట్టున్నాయి.

"పాతవా?" అన్నాడు ఆశగా.

"కొత్తవేనండీ, పాతగా చేయించాం. ఇప్పుడు అదే మోజు."

వెనక గదిలో ఎలా చేస్తున్నారో కూడా గర్వంగా చూపించాడు. ఒకడు తెల్లటి మామిడి చెక్క మీద నల్ల రంగు గుడ్డతో రుద్దుతున్నాడు. ఇంకొకడు గుడ్డని టీ డికాక్షనులో ముంచి ఆరేస్తున్నాడు, పాతబడ్డట్టు కనపడాలని. మూడోవాడు దబ్బనం ఎర్రగా కాల్చి చెక్కలో చుయ్‌చుయ్‌మని చిల్లులు పొడుస్తున్నాడు.

"అదేంటి నాయనా, బంగారంలాంటి చెక్కకి ఆ తూట్లేంటి?"

"పుచ్చండీ అమ్మగారూ! పుచ్చు లేకపోతే పాతదని ఎవరు నమ్ముతారండీ?"

అన్నంలో బొద్దింక కనపడ్డట్టు మొహం పెట్టింది సంపూర్ణమ్మ. మా అమ్మమ్మల కాలంనుంచీ పుచ్చు పట్టకుండా ఎండబెట్టుకుంటాం, వేపాకు వేసుకుంటాం, దులుపుకుంటాం. దాన్ని పని కట్టుకుని పెట్టించుకునే రోజులొచ్చాయి!

అందులో పాట పెట్టించి విన్నది. నోట్లో ముద్ద పెట్టుకుని పాడినట్టుంది. "ఏవండీ, ఇవి వినడానికా, చూడడానికా? మామయ్యగారికి అసలే చెవి మందం."

రామకోటేశ్వరరావు నవ్వాడు. "ఇంటికొచ్చేవాళ్ళలో వినేవాళ్ళెంతమందండీ అమ్మగారూ? అందరూ చూసేవాళ్ళే."

ఆ మాట సంజీవరావుకి వేదవాక్కైంది. సింహం కాళ్ళ పెట్టెలు రిక్షా ఎక్కాయి.

ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపెట్టాడు. వచ్చే ఆదివారం ఆయన పై ఆఫీసరు బసవపున్నయ్యగారు, భార్య పద్మావతమ్మగారు టీకి వస్తున్నారు. వాళ్ళకి ఈ పెట్టెలు చూపించి, ఇవి మా తాతగారికి మిషను దొర బహుమానంగా ఇచ్చిన పాటలపెట్టె తాలూకువి, లోపలి సామాను మాత్రం కొత్తది వేయించాను అని చెబుతాడట. తండ్రి పక్కన కూర్చుని అవునని తలూపాలట.

"మీ తాతగారికి దొర ఇచ్చాడా?" అంది సంపూర్ణమ్మ.

"ఇవ్వకపోతే మాత్రం? దొర దగ్గర పనిచేశాడుగా."

పనిచేశాడు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. తాత లాజరు హనుమాన్ జంక్షన్ అవతల పల్లెలో పాలేరు. దొరకి ఒక గ్రామఫోను పాటలపెట్టె ఉండేది. దాన్ని నెత్తిన పెట్టుకుని కాలవగట్ల వెంట పల్లె పల్లెకీ మోసేవాడు లాజరు. దొర గుర్రం మీద ముందు, లాజరు పెట్టెతో వెనక. ఆ నెత్తిమీది బరువు సంజీవరావుకి ఎందుకు సిగ్గో సంపూర్ణమ్మకి ఎన్నడూ అర్థం కాలేదు. కష్టపడిన చెయ్యి, మోసిన నెత్తి ఉంటేనేగా ఈయన ఇవాళ కుర్చీలో కూర్చున్నది.

"మామయ్యగారి చేత అబద్ధం చెప్పించకండి. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. నోట్లోంచి ఒక్క అబద్ధం వినలేదు నేను."

"తలూపితే అబద్ధమా? నువ్వు పకోడీల సంగతి చూడు."

ఆమోసుగారు కొడుకు మొహం చూశాడు, కోడలి మొహం చూశాడు, తల దించుకున్నాడు.

ఆదివారం పొద్దున సంపూర్ణమ్మ గుడినుంచి వచ్చేసరికి ఇల్లంతా కిరసనాయిలు కంపు. ముందు గదిలో ఆమోసుగారు చాప మీద చతికిలబడి, దూదిపుల్ల సీసాలో ముంచి ముంచి, ఒక్కొక్క చిల్లులోనూ పెడుతున్నాడు.

"అయ్యో మామయ్యగారూ!"

"పుచ్చు పట్టిందమ్మా. ఇప్పుడు చూడకపోతే ఇల్లంతా పాకుద్ది. వాడు ముచ్చటపడి తెచ్చుకున్నాడు పాపం, చూసుకోలేదు."

పుచ్చు చచ్చిందో లేదోగానీ రంగు మాత్రం చచ్చింది. నల్లరంగు బెల్లప్పాకంలా కారి, సింహం కాళ్ళ మీదుగా గచ్చు మీదికి దిగింది. కారినచోటల్లా తెల్లటి మామిడి చెక్క పళ్ళికిలించింది. సంపూర్ణమ్మ వేలితో ముట్టుకుంటే జిగురు. ఎంత సబ్బు పెట్టినా వదల్లేదు, అన్నం కలుపుకుంటే ముద్దలో కూడా అదే వాసన. ముద్ద అవతల పెట్టేసింది.

సంజీవరావు వచ్చి చూసి అరిచాడు. "మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారు? ఎక్కడ ఏ మంచి వస్తువున్నా మీ చేతి మొరటుదనం తగలాల్సిందేనా?"

తండ్రి దూదిపుల్ల సీసాలో పెట్టేశాడు. "పుచ్చనుకున్నాన్రా," అన్నాడు అంతే.

పాలు పొయ్యి మీద పెట్టి వంటింట్లో నిలబడిన సంపూర్ణమ్మకి, ఈ మనిషి పక్కనేనా ఇన్నేళ్ళూ కాపురం చేసింది అనిపించి ఒళ్ళు జలదరించింది.

సాయంత్రం వాళ్ళొచ్చారు. తెల్లచెక్క కనపడకుండా సంజీవరావు పెట్టెల మీద ముందే అల్లిక గుడ్డలు కప్పించాడు. అసలే ముద్ద గొంతు, ఇప్పుడు దాని మీద దుప్పటి కూడానూ. ఆమోసుగారికి ఇస్త్రీ చొక్కా వేసి కుర్చీలో కూర్చోబెట్టి, ప్లేయరులో పాట పెట్టాడు.

పద్మావతమ్మగారు కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చింది. "కిరసనాయిలు వాసనొస్తోందేంటండీ?"

సంజీవరావు తడుముకోలేదు. "పాత టేకు కదండీ మేడమ్, పుచ్చు పట్టకుండా జాగ్రత్త చేయించాను. మా తాతగారికి మిషను దొర స్వయంగా ఇచ్చినవి. చాలా స్నేహంగా ఉండేవారట ఇద్దరూ."

చూశారా! పొద్దున తండ్రిని తిట్టిన తిట్టు ఇంకా గోడలకి అంటుకునే ఉంది. ఆ తండ్రి పొరపాటునే తీసి తన అబద్ధానికి దన్నుగా పెట్టుకున్నాడు. సంపూర్ణమ్మ చేతిలో పకోడీల పళ్ళెం బల్ల మీద టక్కున దిగింది.

"అలాగా, పెద్దాయనా?" అన్నారు బసవపున్నయ్యగారు ఆమోసుగారి వైపు వంగి. "దొరని మీరు చూశారా?"

"చెప్పండి నాన్నగారూ," అన్నాడు సంజీవరావు.

ఆమోసుగారి పెదాలు కదిలాయి. చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు. తలైనా ఊపుదామని మెడ కాస్త వంచాడు, అది సగంలో ఆగిపోయింది. సంపూర్ణమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"దొర ఇవ్వలేదండీ. ఇవి మొన్న గవర్నర్‌పేటలో కొన్నవి. చిల్లులు దబ్బనంతో పొడిచినవి. మా మామగారి నాన్నగారు దొర పాటలపెట్టె నెత్తిన మోసేవారు. పాలేరాయన."

గదిలో పాట ఒక్కటే ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. సంజీవరావు మొహం తవుడు రంగైంది.

పద్మావతమ్మగారు అల్లిక గుడ్డ ఎత్తి చూసింది. "కొత్తవేనా? అచ్చం పాతవాటిలా ఎంత బాగా చేశాడండీ! ఏ కొట్టు? మా ముందు గదికీ ఒక జత కావాలి."

"పుచ్చు కూడా వాడే పెట్టిస్తాడా?" అన్నారు బసవపున్నయ్యగారు పకపకా నవ్వుతూ. "మేము కూడా మా తాతగారివని చెప్పుకుంటాం."

సంజీవరావు మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "నేను దగ్గరుండి చేయిస్తాను సార్. ఇత్తడి పువ్వులు ఇంకా పెద్దవి కూడా ఉన్నాయి."

లాజరు ఎవరని ఒక్కరూ అడగలేదు. నిజం చెబితే సిగ్గుపడతారనుకుంది సంపూర్ణమ్మ. వీళ్ళు నిజాన్ని కూడా పకోడీతో పాటు నమిలేశారు. ముగ్గురిలోనూ ఆ నల్ల జిగురే పాకినట్టు కనపడింది ఆమెకి.

వెళ్ళి మామగారి కుర్చీ పక్కన కింద కూర్చుంది. "కోపమొచ్చిందా మామయ్యగారూ, నేనలా అన్నందుకు?"

"కోపమేంటమ్మా," అన్నాడాయన. చెవి మందం మనిషి కదా, మెల్లగా అంటున్నాననుకుని గట్టిగానే అన్నాడు. "వాడికోసం అబద్ధమాడతాను, క్షమించు తండ్రీ అని పొద్దున్నించీ ప్రార్థన చేస్తన్నా. ఆయన ఒప్పుకున్నట్టు లేడు. నిన్ను పంపాడు."

సంపూర్ణమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పెట్టె చాలా బరువుండేదా?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వెన్ను నిటారైంది. "పెట్టె కాదమ్మా బరువు, దాని గొట్టం! ఇంత వెడల్పు ఇత్తడి గొట్టం. కాలవగట్టు మీద గాలి అందులో పడిందంటే మనిషిని నీళ్ళలోకి ఈడ్చేది. మా అయ్య ఒకసారి పీకల్లోతు నీళ్ళలో నిలబడి..."

పెద్దగొంతు గది నిండింది. పద్మావతమ్మగారు పకోడీ నోటి దాకా తెచ్చి ఆపి, ఇటు తిరిగింది.

సంజీవరావు లేచాడు. ప్లేయరు దగ్గరికి వెళ్ళి పాట శబ్దం పెంచాడు.

సంపూర్ణమ్మ కూడా లేచింది. భర్త పక్కనుంచే వెళ్ళి ప్లేయరు ఆపేసి, వచ్చి మళ్ళీ కింద కూర్చుంది.

"పీకల్లోతు నీళ్ళలో నిలబడి," అంది, "ఏం చేశారు మామయ్యగారూ?"